కర్పూరం ఆర్పిన చెయ్యి

కర్పూరం డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు పెట్రోలు వాసన వస్తుంది. అది నా భ్రమేనని తెలుసు. మెల్బోర్న్ శివార్లలో, పాయింట్ కుక్‌లో ఈ ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయింది, గరాజ్‌లో ఉన్నది కరెంటు కారు, ఇక పెట్రోలు ఎక్కడినుంచి వస్తుంది? అయినా వస్తుంది. ఆయన పోయాక మరీ ఎక్కువైంది. హారతి ఇస్తూ ఇస్తూ మధ్యలో ఆగిపోయి, "ఎంత మొండి మనిషివయ్యా నువ్వు" అని పటాల ముందే తిట్టుకుంటాను. బతికున్నన్నాళ్ళూ మా ఆయన్ని మీరు అనే పిలిచాను. పోయిన తర్వాతే నువ్వు అనే చనువు వచ్చింది. దేవుళ్ళు ఏమనుకుంటారో వాళ్ళిష్టం.

మాది నెల్లూరు, ఆయనది నాయుడుపేట. మద్రాసులో చదువుకున్నారు. నాయుడుపేట నుంచి మద్రాసు పోయే బస్సు చోళవరం మీదుగా పోతుంది. అక్కడ యుద్ధకాలం నాటి విమానాల రన్‌వే ఒకటి పాడుపడి ఉంటే, దానిమీద ఏటా కారు రేసులు పెట్టేవాళ్ళు. మామూలు కార్లు కావు. ఒక్క మనిషి మాత్రమే పట్టేవి, నాలుగు చక్రాలూ ఒంటికి దూరంగా బయట తిరిగేవి. చదువుకున్నన్నాళ్ళూ ఆయన ఏ ఏడూ ఆ రేసులు వదల్లేదు. పెళ్ళయిన కొత్తలో కొత్త పెళ్ళాంతో మగవాళ్ళు ఏం మాట్లాడతారు? సినిమాలు, షికార్లు. ఈయన మాత్రం చోళవరంలో ఏ ఇంజను ఎట్లా అరిచేదో నోటితో అరిచి వినిపించేవారు. పక్కింటావిడ గోడ మీదినుంచి తొంగిచూసి, "మీ ఆయనకు ఒంట్లో బాగానే ఉండాదా?" అని అడిగింది.

"ఒక్కసారి" అనేవారు. "ఒకే ఒక్క రేసు. గెలవబళ్ళేదు. అందరితో పాటు గీత మీద నిలబడాల, జెండా ఊపంగానే అందరితో పాటు బయల్దేరాల. అంతే నాకు కావల్సింది."

నేను నమ్మినట్టు కనపడకపోతే, "కర్పూరం ఆర్పి చెప్పమంటావా?" అనేవారు. ఇది ఆయన ఊతపదం. చేపలు తాజావేనా అన్నా, బస్సు దొరకలేదా అన్నా ఇదే మాట. మా వైపు అది చిన్న మాట కాదు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి మాట చెబితే దేవుడి నెత్తిన చెయ్యిపెట్టి చెప్పినట్టే. ఆ తర్వాత అబద్ధమాడితే వంశం నిలవదంటారు. ఆయన తాతగారు పొలం గట్టు తగాదాలో ఊరందరి ముందూ అట్లా కర్పూరం ఆర్పి, ఎదుటివాడిదే గట్టు అని ఒప్పుకుని, పొలం వదులుకుని ఇంటికొచ్చారట. ఆ కథ ఆ ఇంట్లో పిల్లలకు ఉగ్గుపాలతో పోసేవాళ్ళు. ఉగ్గుపాలు కొంచెం తగ్గించినా బాగుండేది.

తర్వాత వైటూకే వచ్చింది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే రాసుకున్నారనీ, రెండువేలు రాగానే కంప్యూటర్లన్నీ పిచ్చెత్తిపోతాయనీ లోకమంతా బెంబేలెత్తింది. ఆ రోజుల్లో కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చినవాడికి వీసాలూ పెళ్ళిసంబంధాలూ ఇంటిముందు వరుస కట్టేవి. ఈయనకు పెళ్ళయిపోయింది కనుక వీసా ఒక్కటే వచ్చింది. మెల్బోర్న్‌లో దిగాం. పగలంతా ఆఫీసులో తేదీలకు అంకెలు అతికించడం, సాయంత్రం రైలు దిగి నడిచి రావడం, ఇంతే బతుకు.

మా అద్దె యూనిట్‌కు ఎదురుగా ఒక తెల్ల ముసలాయన ఉండేవాడు. భార్య పోయింది, వర్క్‌షాపు నడిపి రిటైరయ్యాడు. మేమిద్దరం చాటుగా తాత అనేవాళ్ళం. ఒకరోజు ఈయన చెత్తడబ్బా బయట పెట్టొస్తానని వెళ్ళి ఎంతకీ రాలేదు. చారు చల్లారిపోతోంది. ఒళ్ళుమండి గరిటె చేత్తోనే బయటికొచ్చాను. చూద్దును కదా, తాత గరాజ్ తలుపు ఎత్తి ఉంది, లోపల ఒక ఆకుపచ్చ కారు, ఒకే సీటు, చక్రాలు నాలుగూ బయట. ఈయన గడపవతల నిలబడి ఉన్నారు. చెప్పులు విడిచేశారు. ఎందుకు విడిచారని తర్వాత అడిగితే, "విడిచానా?" అని నన్నే అడిగారు.

అప్పటినుంచి శనివారం వస్తే చాలు, మనిషి ఆ గరాజ్‌లోనే. తాత స్పానర్ అడిగితే అందించడం, అడగకముందే తుడవడం. తాత ఆయన్ని మేట్ అనేవాడు, నన్ను లవ్ అనేవాడు. మొదటిసారి నన్నట్లా పిలిచినప్పుడు ఈయన మొహం చూడాలి! ఇక్కడ కొట్లో పాలమ్మే ఆమె కూడా అందరినీ అట్లాగే పిలుస్తుందని తెలిశాక కుదుటపడ్డారు. తాత దగ్గరుండి, క్లబ్బువాళ్ళ డ్రైవింగ్ రోజుల్లో తన మామూలు కారు మీదే ఆయనకు రేసు తోలడం నేర్పించాడు, రేసు లైసెన్సు కూడా ఇప్పించాడు. ఊరికే ఉంటుందిలే, ఇండియాలో ఫ్రేము కట్టించుకుంటారు అనుకున్నాను నేను.

రెండువేలొచ్చింది. ఒక్క బల్బు కూడా ఆరలేదు. లోకమంతా ఊపిరి పీల్చుకుంటే, మా ఇంట్లో మాత్రం ఊపిరాడలేదు. తేదీలు సరిచేసేవాళ్ళ అవసరం తీరిపోయింది మరి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు, జూన్ తర్వాత కాంట్రాక్టు లేదన్నారు. కాంట్రాక్టు లేకపోతే వీసా లేదు. సూట్‌కేసులు మంచం కింది నుంచి బయటికొచ్చాయి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం ఈయన వచ్చి వంటింట్లో నేలమీద కూర్చుండిపోయారు. ఉద్యోగం ఇప్పుడే పోయిందేమోనని పొయ్యి కట్టేసి పక్కన కూర్చున్నాను.

"తాత కళ్ళకు శుక్లాలంట. డాక్టరు రేసుకు ఒప్పుకోలేదంట" అన్నారు.

"అయ్యో పాపం."

"ఊరవతల పాత బండ్ల రేసు ఉంది. ఆయన బండి నన్ను నడపమన్నాడే."

నాకు భయం ముందొచ్చింది, వెటకారం తర్వాతొచ్చింది. అది చాంపియన్‌షిప్‌లో లెక్కకు రాని రేసట. పాయింట్లుండవు, బహుమతి కూడా నామమాత్రమే. పాత ఒంటిసీటు బండ్లున్నవాళ్ళంతా చేరి సరదాకు తోలుకుంటారట. "మార్కులెయ్యని పరీక్షకు ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఏందండీ?" అన్నాను. ఆయన తలెత్తి నా వైపు చూశారు. జూన్‌లో వెళ్ళిపోతే మళ్ళీ ఈ జన్మలో ఎవరిస్తారు ఆయనకు రేసు కారు? ఇండియాలో చోళవరం రేసులు ఎప్పుడో ఆగిపోయాయి. ఉంటే ఇది, లేకపోతే లేదు.

బండిని అంతదూరం చేర్చడానికి మా హైదరాబాదు భాయ్ వచ్చాడు. పాతబస్తీ మనిషి. మా పేటలో ఇండియా సామాన్ల కొట్టు నడిపేవాడు, అతని వ్యానుకు ట్రైలర్ తగిలించే కొక్కెం ఉండేది. నాకు భయమని తెలిసి, "ఏం ఫికర్ జెయ్యకు భాభీ, నేనున్న గద. బండి నడిపేటోనికి లేని భయం నీకెందుకు?" అన్నాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు. ఆ కంద నా మొగుడు కదా మరి, దురద నాకుండదా?

ఆదివారం పొద్దున అందరం బయల్దేరాం. చలి. పట్టుచీర మీద ఆయన కోటు వేసుకున్నాను. రేసు జరిగేచోట గడ్డి ఇంకా తడిగానే ఉంది. మడతకుర్చీల్లో ముసలివాళ్ళు, బార్బెక్యూ పొయ్యి మీద సాసేజీలు కాలుతున్న పొగ, వరసగా రేకుల షెడ్లు, ఒక్కో షెడ్డులో ఒక్కో పాత బండి. ఎక్కడో ఒక ఇంజను అరిచింది. ఈయన ఆగి నావైపు తిరిగి, "విన్నావా? నేను అరిచింది ఇదే" అన్నారు. పెళ్ళయిన కొత్తలో అరిచినదానికీ దీనికీ పోలిక లేదు. "అచ్చం ఇట్టానే అరిచారు" అన్నాను.

తనిఖీవాళ్ళొచ్చి బండిని చూసి సరేనన్నారు. ఈయన చేతికి డ్రైవరని గుర్తుగా పసుపు రంగు పట్టీ కట్టారు. ఇక పూజ. సామాను సర్దమని ముందురోజే ఆయన చెప్పారు, సర్దాను. ముక్కుకు కుంకుమ బొట్టు పెట్టారు, ముక్కంటే బండి ముక్కే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. తాత వంగి చూసి, "నిమ్మకాయలా? బండికి జలుబు చేసిందా మేట్?" అన్నాడు. కొబ్బరికాయ షెడ్డు బయట సిమెంటు మీద కొడితే పక్క షెడ్ల వాళ్ళంతా వచ్చారు. నేను ముక్కలు కోసి పంచాను. భాయ్ తలమీద రుమాలు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందరూ నవ్వుతున్నారు, మంచి నవ్వే. నా భయం కూడా సగం తగ్గింది.

అప్పుడు ఆయన కర్పూరం బిళ్ళ తీసి పళ్ళెంలో పెట్టారు.

"ఏమండీ, వద్దండీ" అన్నాను. తాత అప్పుడే బండిలో పెట్రోలు పోశాడు. డబ్బా గోడ పక్కనే ఉంది, షెడ్డంతా వాసన. "కాయ కొట్టాం కదా, చాల్లెండి."

"ఒక్క బిళ్ళే. చోళవరంలో ప్రతి బండికీ హారతి ఇచ్చేవాళ్ళు. గీత మీదికి పొయ్యేముందు డ్రైవరు కళ్ళకద్దుకుని టోపీ పెట్టుకుంటాడు. దానికోసమే కదే ఇన్నాళ్ళూ" అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. వెలిగించారు.

ఒక చుట్టు తిప్పారో లేదో ఎవరో కేకేశారు. నారింజరంగు బట్టల్లో మనుషులు మంటలార్పే ఎర్ర సిలిండర్లు పట్టుకుని పరుగెత్తుకొస్తున్నారు. వాటిలోని నురగ గనక కొడితే తాత ఇంజను పాడవుతుందని ఈయనకు తెలుసు. పళ్ళెం నేలమీద పెట్టి, మంట మీద అరచెయ్యి వేసి అదిమేశారు. ఆరిపోయింది. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. చెయ్యి తీస్తే మధ్యలో రూపాయి బిళ్ళంత ఎర్రగా కాలి ఉంది.

అక్కడి పెద్ద అధికారి ఒక ఆడమనిషి, నెరిసిన జుట్టు, చేతిలో వాకీటాకీ. వచ్చి అంతా చూసింది. అరవలేదు. మెల్లగా, విడమరిచి చెప్పింది. షెడ్డులోకి మంట తెచ్చినవాడు డ్రైవరైతే అతను రేసుకు పోకూడదు, దానికి తిరుగులేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళెవరైనా తెలియక తెచ్చివుంటే, వాళ్ళని గేటు బయటికి పంపి డ్రైవరును మందలించి వదిలేస్తారు. ఇది చెప్పి, ఆయన్ని కాదు, నన్ను చూసింది. పట్టుచీర, పసుపు, కుంకుమ, చేతిలో కొబ్బరిచిప్ప.

"నువ్వేనా వెలిగించింది, లవ్?"

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రమే గానీ, ఆ ప్రశ్నలో ఉన్న దయ అర్థంకానంత మొద్దును కాను. తాత నన్నే చూస్తున్నాడు. భాయ్ కళ్ళతోనే ఊఁ అను అంటున్నాడు.

"యెస్" అన్నాను. "మీ ఓన్లీ. సారీ. అవర్ కస్టమ్."

ఆమె ఊపిరి వదిలింది. సరే అన్నట్టు తలూపి, నాకు గేటు వైపు చూపించబోయింది. నాకెంత సంతోషమైందో! గేటు బయట ఏముంది, కంచె పట్టుకుని చూస్తాను, అంతేకదా.

"నో" అన్నారు ఆయన. తన అరచేతిలోకి చూసుకుంటున్నారు. "నేనే వెలిగించాను. ఆమె వద్దంది."

"మేట్..." అన్నాడు తాత.

ఆ అధికారి ఇంకో అవకాశమిచ్చింది. బాగా ఆలోచించుకుని చెప్పమంది. ఈయన మళ్ళీ అదే మాటన్నారు. ఆమె కత్తెర తీసి ఆయన మణికట్టుకున్న పసుపు పట్టీ కత్తిరించింది. కత్తిరిస్తూ సారీ అంది. ఆ గొంతు నిజంగానే నొచ్చుకుంది.

ఆమె అటు వెళ్ళగానే నేను అందుకున్నాను. నెల్లూరు తెలుగంతా ఆ షెడ్డులోనే ఖర్చుపెట్టాను. "చేతికొచ్చిన ముద్ద నోటికి పోకుండా ఎవురన్నా తన్నేసుకుంటారా? నేను చెప్పినాను కదా! మీరు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది?"

"కర్పూరం ఆర్పిన చెయ్యే ఇది. ఇది పెట్టుకుని అబద్ధం ఎట్టా ఒప్పుకునేది?"

"ప్రమాణం చెయ్యడానికి ఆర్పినారా? మంట ఆర్పడానికి కదా ఆర్పినారు!"

"కర్పూరానికి ఆ తేడా తెలుస్తుందంటావా?" అన్నారు.

అక్కడే కూర్చుని ఏడ్చాను. భాయ్ బాటిల్‌తో చల్లటి నీళ్ళు తెచ్చి ఆయన చేతిమీద పోస్తూ, "మనిషివి గాదన్నా నువ్వు" అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు.

కంచె దగ్గర నిలబడి రేసు చూశాం. గీత మీద బండ్లు రెండేసి వరసల్లో నిలబడ్డాయి. మూడో వరసలో ఒక్క బండే ఉంది, దాని పక్కన ఖాళీ. ఆ ఖాళీ మాది. జెండా ఊపారు. భూమి అదిరినట్టు అన్నీ ఒక్కసారి కదిలాయి. నేను బండ్లను చూడలేదు. ఆయన కుడికాలును చూశాను. బూటు గడ్డిలోకి అదుముకుపోతోంది, ఎత్తుతోంది, మళ్ళీ అదుముకుపోతోంది. రేసు అయిపోయేదాకా ఆ కాలు అట్లా నొక్కుతూనే ఉంది. నేను చూస్తున్నానని ఆయనకు తెలియదు.

అన్నీ అయిపోయాక తాత వచ్చాడు. కోపమొచ్చి ఉండాలి, రాలేదు. "బండిని ట్రైలర్ దాకా చేర్చాలి. ఇక్కడ ఇంజను వెయ్యకూడదు, తోసుకుపోవాలి. స్టీరింగ్ ఎవరో ఒకరు పట్టుకోవాలి కదా, ఎక్కు మేట్" అన్నాడు.

ఈయన ఎక్కారు. ట్రైలర్ దాకా పోవడానికి హెల్మెట్ ఎందుకు? పెట్టుకున్నారు. నేను చీర కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాను. ఒక పక్క భాయ్, ఒక పక్క తాత, మధ్యలో నేను. "నీకెందుకు లవ్" అన్నాడు తాత. వినలేదు. తోశాం. తడిగడ్డి మీద బండి మెల్లగా కదిలింది. నాకు వెనకనుంచి హెల్మెట్ ఒక్కటే కనిపిస్తోంది, అది మలుపు దగ్గర మలుపు వైపుకే వాలుతోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు, దిగాక అడగలేదు కూడా. మడతకుర్చీలో కూర్చున్న ఒక ముసలామె చప్పట్లు కొట్టింది. ఆయన తోలిన ఒకే ఒక్క రేసు కారుకు ఇంజను నేనే.

జూన్‌లో హైదరాబాదు వెళ్ళిపోయాం. కొన్నాళ్ళ తర్వాత, ఈసారి పర్మనెంటు వీసా మీద తిరిగొచ్చేసరికి తాత నర్సింగ్ హోమ్‌లో ఉన్నాడు, మమ్మల్ని గుర్తుపట్టలేదు. ఆకుపచ్చ బండి వేరే రాష్ట్రంలో ఎవరికో అమ్ముడుపోయింది. ఈయన ఇంకో బండి వెతుక్కోలేదు. అమ్మాయి పుట్టింది, లోన్లు, ఆఫీసు, ఫ్రీవే మీద ట్రాఫిక్కు. పాయింట్ కుక్‌లో విమానాల పాత రన్‌వే ఉంది, మా చిన్నప్పటికన్నా ముందే దానిమీద కారు రేసు జరిగిందని ఎవరో చెప్పారు. ఇల్లు ఇక్కడే కొందామని ఆయన పట్టుబట్టింది అందుకేనని నాకు అనుమానం. ఆదివారం సాయంత్రాలు అటువైపు నడిచేవాళ్ళం. ఆయన కంచె అవతలికి చూస్తూ నిలబడేవారు. నేను ఆయన కుడికాలును చూసేదాన్ని. ఆ ఆదివారాలు ఇప్పుడు నాకు కావాలి. ఎవరైనా ఒక్కటి తిరిగిస్తే చాలు, ఆయనతో ఏమీ మాట్లాడను, పక్కన నిలబడతాను అంతే.

చివరికి ఆస్పత్రి. డాక్టరు నన్నూ మా అమ్మాయినీ పక్కగదిలోకి పిలిచి చెప్పవలసింది చెప్పాడు. "డోంట్ టెల్ హిమ్ టుడే, అమ్మా" అని అమ్మాయి నా భుజం మీద ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చాను. ఆయన వీల్‌చెయిర్‌లో కూర్చుని ఉన్నారు, పొడుగాటి వరండా, ఆ చివర లిఫ్టు. వెనక్కొచ్చి పిడులు పట్టుకున్నాను. నాకు వెనకనుంచి ఆయన తల ఒక్కటే కనిపిస్తోంది.

"డాక్టరేమన్నాడే?"

"మందు మారుస్తానన్నాడు. తగ్గిపోతుందన్నాడు" అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి చాచి, పిడి మీదున్న నా చెయ్యి తీసుకున్నారు. ముందుకు లాక్కుని, వెల్లకిలా తిప్పి, అరచెయ్యంతా చూశారు. పక్కన తన చెయ్యి పెట్టారు. మధ్యలో ఆ తెల్లటి మచ్చ.

"నీ చెయ్యి కాలలేదులే" అన్నారు. "నువ్వు అబద్ధం చెప్పచ్చు."

నా చెయ్యి మళ్ళీ తీసుకెళ్ళి పిడి మీద పెట్టి, "ఊఁ, పోనియ్" అన్నారు. లిఫ్టు దాకా తోసుకుంటూ వెళ్ళాను.